ముల్లు కదల్లా: డైటూ నడకా రెండూ ఉన్నా బరువు ఎందుకు ఆగిపోతుంది?

"పొద్దన్నే లేసి నడస్తా ఉండా. అన్నం సగానికి తగ్గించినా. అయినా ముల్లు కదల్లా. నేనేమన్నా దొంగతిండి తింటా ఉండానా?"

అక్టోబరు మొదట్లో ఒక ఆదివారం మా వదిన నన్ను కూర్చోబెట్టి అడిగిన మాట ఇది. డిజిటల్ మిషన్‌కు ముల్లెక్కడిదని నవ్వబోయి ఆగాను. ఆమె నవ్వే స్థితిలో లేదు. వయసు 44, ఎత్తు 156 సెంటీమీటర్లు. ఏప్రిల్లో 82 కిలోలు ఉండేది, ఆగస్టు చివరికి 73కి దిగింది. అక్కడితో సరి. ఒకరోజు 72.8, మర్నాడు 73.5, ఆ తర్వాత మళ్ళీ 73. రోజూ తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో గంట నడుస్తుంది. రాత్రికి రెండు పుల్కాలు. నెలకోసారి అలిపిరి నుంచి కొండకు నడక. వీటిలో ఒక్కటీ మానలేదు. బీపీ చూపించుకోవడానికి వెళ్తే అక్కడి డాక్టరు తలెత్తకుండానే "తిండి తగ్గించమ్మా" అన్నాడట. బరువు ఆగినదానికంటే ఆ మాటకే ఆమె ఎక్కువ నొచ్చుకుంది.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ణి, డాక్టర్ని కాను. కానీ శక్తి లెక్కలు నా సబ్జెక్టే కదా అని కొన్ని వారాలు దీని మీద చదివాను, వదిన వంటింట్లో కొలతలు కూడా తీశాను. చివరికి నాకు అర్థమైంది ఇది: వదిన చెప్పిందీ నిజమే, డాక్టరు చెప్పిందీ నిజమే. ఆ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలిస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఇలా ఆగిపోవడాన్ని ప్లేటో అంటారు, అంటే పీఠభూమి. అలిపిరి దారి తెలిసినవాళ్ళకు ఈ పోలిక వెంటనే తగులుతుంది. గాలిగోపురం దాకా మెట్లు ఊపిరి తీసుకోనివ్వవు. అది దాటాక చాలా దూరం దారి దాదాపు చదునుగానే పోతుంది. మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ మొదలు. కాకపోతే అక్కడ ఎక్కుతాం, ఇక్కడ దిగాలి.

అసలు ఆగిందా?

లెక్కల్లోకి దిగే ముందు ఈ అనుమానం తీర్చుకోవాలి. మిషన్ కొవ్వును ఒక్కదాన్నే తూచదు. నీళ్ళు, కడుపులో ఉన్న తిండి, అన్నీ కలిపి చూపిస్తుంది. వీటిలో రోజుకో తీరుగా మారేది నీళ్ళే.

మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది, మొత్తం మీద 400 నుంచి 500 గ్రాములు. ప్రతి గ్రాము తనతోపాటు సుమారు 3 గ్రాముల నీళ్ళను పట్టుకొని ఉంటుంది. అన్నం తగ్గించిన మొదటి పది రోజుల్లో ఈ నిల్వ కరుగుతుంది, దాంతో నీళ్ళూ పోతాయి. "మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గాను" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవాళ్ళది అబద్ధం కాదు. కాకపోతే అందులో కొవ్వు కొంచెమే. ఆ వేగంతోనే రోజులన్నీ గడుస్తాయని ఆశపడటం దగ్గర టెన్షన్ మొదలవుతుంది.

దీనికి తిరుగుప్రయాణం కూడా ఉంది. వదిన పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. పొద్దుననుంచి ఏమీ తినకుండా, పూజయ్యాక పులిహోర, వడలు, పాయసం ఒకేసారి. పక్కనే అప్పడాలు, ఉప్పు మిరపకాయలు. ఆదివారం పొద్దున తూచుకుంటే కిలో పెరిగి ఉంటుంది. ఒక్కరాత్రిలో కిలో కొవ్వు పట్టాలంటే తన ఖర్చుకు మించి 7,700 కేలరీలు తినాలి. అన్ని వడలు దేవుడు కూడా పెట్టడు. ఆ కిలోలో ఎక్కువ భాగం ఉప్పు పట్టి ఉంచిన నీళ్ళు, గ్లైకోజెన్‌తో తిరిగొచ్చిన నీళ్ళు. నెలసరికి ముందు రోజుల్లోనూ ఇలాగే నీరు చేరుతుంది. జిమ్‌లో కొత్తగా చేరి ఒళ్ళు నొప్పులతో మూలిగే మొదటి వారాల్లోనూ అంతే. అడుగున కొవ్వు నెమ్మదిగా కరుగుతున్నా పైన నీరు దాన్ని కప్పేస్తుంది.

అందుకే రోజూ పొద్దున ఒకే వేళకు, బాత్రూముకు వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు తూచుకోమన్నాను. ఏడు రోజుల అంకెలు కలిపి ఏడుతో భాగించాలి. ఈ వారం సగటును పోయిన వారం సగటుతోనే పోల్చాలి. ఆ సగటు కనీసం నాలుగు వారాలు కదలకుండా ఉంటేనే ఆగిందని ఒప్పుకోవాలి. ఆడవాళ్ళకు నెలసరి లెక్క కూడా ఇందులో సర్దుకుపోతుంది.

దీంతోపాటు ఒక టేపు కొనుక్కోవాలి. నడుము కొలత మన దేశస్థులకు మరీ ముఖ్యం. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఫొటోనే వేయించుకున్నారు. ఎత్తుకు తగ్గ బరువు చెప్పే బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకం ఒకటే అయినా మన ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. మన ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటితే జాగ్రత్త పడమంటారు. వదిన నడుము కొలిస్తే ఆరు వారాల్లో తేడా ఏమీ లేదు. కాబట్టి ఆమె విషయంలో ఆగింది నిజమే.

మూడున్నరేళ్ళకు మాయం

1958లో మ్యాక్స్ విష్నోఫ్‌స్కీ అనే అమెరికన్ డాక్టరు ఒక సూత్రం ఇచ్చాడు: 3,500 కేలరీలు తగ్గిస్తే ఒక పౌను పోతుంది. కిలోల్లో చెప్పుకుంటే 7,700. డైట్ చార్టులు, యాప్‌లు చాలావరకు ఈ లెక్కనే మోస్తూ వచ్చాయి. రోజుకు 500 తగ్గిస్తే ఏడాదికి దాదాపు 24 కిలోలు పోవాలి. 82 కిలోల మా వదిన అదే పద్ధతిలో మూడున్నరేళ్ళు ఉంటే గాల్లో కలిసిపోవాలి. లెక్కలో తప్పెక్కడుందో ఇంటర్ పిల్లవాడు కూడా పట్టేస్తాడు: బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చు కూడా తగ్గుతుందన్న సంగతి ఇందులో లేదు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసిన కెవిన్ హాల్ చదివింది ఫిజిక్స్. (అందుకే ఆయన పేపర్లు నాకు కాస్త త్వరగా ఎక్కాయి.) ఆయన బృందం 2011లో లాన్సెట్‌లో సవరించిన లెక్క ఇచ్చింది. రోజుకు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి ఒక కిలో తగ్గుతుంది. అందులో సగం తగ్గడానికి ఏడాది పడుతుంది, 95 శాతానికి మూడేళ్ళు. అంటే 500 తగ్గిస్తే 20 కిలోల దగ్గర ఆగాలి, అదీ మూడేళ్ళకు.

మరి లోకంలో చాలామందికి ఆరు నుంచి ఎనిమిది నెలల్లోనే ఎందుకు ఆగిపోతుంది? వదినకైతే అయిదు నెలలకే ఆగింది. ఒంటి ఖర్చు తగ్గడమే కారణమైతే అంత తొందరగా ఆగకూడదు. ఈ వ్యాసంలో అన్నిటికన్నా నేను చెప్పదలచుకున్న ముక్క ఇదే, అందుకే ఇక్కడ కొంచెంసేపు నిలబడతాను.

హాల్ బృందమే 2016లో ఇంకో పరిశోధన చేసింది. షుగర్ ఉన్నవాళ్ళలో కొందరికి ఒక రకం మాత్ర ఇచ్చారు. అది రోజూ కొంత గ్లూకోజును మూత్రంలో బయటికి పంపేస్తుంది. అలా కేలరీలు పోతున్నాయని ఆ మనిషికి పైకి తెలియదు. బరువు తగ్గేకొద్దీ వాళ్ళు తెలియకుండానే ఎంత ఎక్కువ తింటున్నారో లెక్కగట్టారు. తగ్గిన ప్రతి కిలోకు ఒంటి ఖర్చు రోజుకు 20 నుంచి 30 కేలరీలు పడిపోతే, ఆకలి మాత్రం రోజుకు సుమారు 100 కేలరీలు పెరిగింది. ఖర్చు తగ్గడం కంటే ఆకలి పెరగడం మూడునాలుగు రెట్ల బలమైనది.

దీన్ని వదినకు వర్తింపజేద్దాం. మొదట్లో ఆమె రోజు ఖర్చు సుమారు 2,100 కేలరీలు. 500 తగ్గించి 1,600 తినేది. 9 కిలోలు తగ్గాక ఖర్చు 225 పడి 1,875కు వచ్చింది. నిజంగా ఇప్పటికీ 1,600 మాత్రమే తింటుంటే ఇంకా రోజుకు 275 లోటు ఉండాలి, బరువు నెమ్మదిగానైనా దిగుతూ ఉండాలి. దిగడం లేదంటే ఆ 275 ఎక్కడినుంచో లోపలికి వస్తోంది. మరోవైపు, 9 కిలోలకు ఆకలి రోజుకు 900 కేలరీల మేర ఆమెను వంటింటి వైపు తోస్తోంది. అందులో 600కు పైగా ఆమె రోజూ అణిచిపెడుతోంది. మూడో వంతు దగ్గర మాత్రమే ఓడిపోతోంది, అదీ తనకు తెలియకుండా.

దీన్ని దొంగతిండి అనొచ్చా? నా లెక్కలో ఎంత మాత్రమూ కాదు.

వంటింట్లో మూడు రోజులు

కూరగాయల కొట్టువాళ్ళు వాడే చిన్న కాటా ఒకటి కొని తీసుకెళ్ళాను. వదినకు ముందే చెప్పాను: ఏదీ మార్చొద్దు, రోజూ వండినట్టే వండు, నేను గిన్నెలో పడేదాన్ని కొలుస్తాను, అంతే. మొదటిరోజు ఆమె కొంచెం మొహమాటపడింది. రెండోరోజు మధ్యాహ్నానికి నన్ను మర్చిపోయింది.

నూనె దగ్గర ఏం జరిగిందంటే, ఏప్రిల్లో స్పూన్‌తో కొలిచి పోసేది. అప్పట్లో నలుగురికి నెలకు 3 లీటర్లు సరిపోయేవి. ఇప్పుడు సీసా మూతి నుంచే పోస్తోంది, చెయ్యి అలవాటుగా తిరుగుతోంది. కిరాణా చీటీలు చూస్తే నెలకు 4 లీటర్లు. పెరిగిన లీటరును నలుగురికి, ముప్ఫై రోజులకు పంచితే మనిషికి రోజుకు 8 మిల్లీలీటర్లు. గ్రాము నూనెకు 9 కేలరీలు. అంటే దాదాపు 70.

చెనక్కాయలు కాల్చి రోట్లో నూరిన ఊరుబిండి మా ఇళ్ళల్లో లేని పూట ఉండదు. ఏప్రిల్లో చారెడు అన్నంలోకి ఒక స్పూన్ ఉండేది. ఇప్పుడు అన్నం అదే చారెడు, ఊరుబిండి మాత్రం గరిటెడు. అన్నం తగ్గించిన కడుపు ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి కదా. ఆ తేడా తూచితే 20 గ్రాముల చెనక్కాయలు తేలింది. 110 కేలరీలు. ఇది ఆమెకు అస్సలు నచ్చలేదు. "చెట్నీ కూడా తిండేనా?" అంది.

ఏప్రిల్లో మానేసిన సాయంత్రం టీ జులైలో ఎప్పుడో తిరిగొచ్చింది. గట్టి పాలు, ఒక స్పూన్ చక్కెర: 75. అన్నం కొలిచే గిన్నె అదే ఉన్నా, అంచు దాకా చదునుగా పెట్టేది కాస్తా చిన్న గోపురంలా పెడుతోంది. 50 గ్రాముల అన్నం, అంటే 65.

కలిపితే 320. లెక్కలో మనకు కావలసింది 275. కాటా, నా చెయ్యి, చీటీల లెక్క అన్నీ కలిపితే ఆ మాత్రం తేడా ఉండదా. నాలుగు చోట్ల నాలుగు చిన్న జారుళ్ళు, ఏదీ ఒక పూట తిండి కాదు. "నేను అదే తింటున్నాను" అని ఆమె అన్నప్పుడు వంటల పేర్ల వరకు అది అక్షరాలా నిజం.

ఇలా జరగడంలో వదిన ప్రత్యేకం కాదు. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, ఎంత డైట్ చేసినా తగ్గడం లేదని చెప్పినవాళ్ళను పరీక్షించారు. వాళ్ళ ఒంటి ఖర్చు మామూలుగానే ఉంది. తిన్నదాన్ని 47 శాతం తక్కువగా, చేసిన వ్యాయామాన్ని 51 శాతం ఎక్కువగా చెప్పుకున్నారు. వాళ్ళు అబద్ధాలకోరులు కారు. మనిషి జ్ఞాపకానికి స్పూన్లు ఆనవు, అంతే.

కొండ ఎక్కితే ఎంత?

"మరి నెలనెలా 3,550 మెట్లు ఎక్కుతున్నా కదా" అనేది వదిన రెండో ఫిర్యాదు. ఇది నా సబ్జెక్టు, కాబట్టి కాగితం తీశాను. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తులో ఉంటే తిరుమల 850 పైన ఉంది. ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు. 82 కిలోల మనిషిని అంత ఎత్తుకు లేపడానికి కావలసిన పని 134 కేలరీలే. కానీ మన కండరాలు పాత లారీ ఇంజిన్లలాంటివి, తిన్న శక్తిలో నాలుగో వంతే పనిగా మారుతుంది, మిగతాది చెమటా వేడీ. అందువల్ల ఎత్తుకు మాత్రమే సుమారు 540 ఖర్చవుతుంది. ముందుకు నడిచిన దూరానిది దీనికి అదనం. అదే దారి, అవే మెట్లు 73 కిలోలకైతే 480. అంటే 60 తగ్గాయి. ఒళ్ళు తేలికైనందుకు కొండ ఇచ్చిన డిస్కౌంటు ఇది. రోజువారీ నడకకూ ఇదే వర్తిస్తుంది.

పైకి వెళ్ళాక అన్నప్రసాదం, దిగేటప్పుడు లడ్డూ. నెయ్యి, చక్కెర, జీడిపప్పు ఉన్న లడ్డూ 100 గ్రాములకు 400 కేలరీలకు తగ్గదు. ప్రసాదం కాదనమని నేను చెప్పను, చెప్పినా వినేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఇంటికొచ్చి నలుగురికి పంచే ఆచారం మాత్రం ఆరోగ్యశాస్త్రం దృష్ట్యా చాలా గొప్పది.

ఇంకో సంగతి ఉంది. కొండకు నడిచొచ్చిన రోజు మిగతా పగలంతా వదిన సోఫా దిగదు. హెర్మన్ పాంట్జర్ అనే మానవశాస్త్రవేత్త టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకొని బతికే హద్జా ప్రజల శక్తి ఖర్చును కొలిచి 2012లో ప్రచురించాడు. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, రోజంతా తిరిగే ఆ మనుషుల ఖర్చు పట్నాల్లో కూర్చొని పనిచేసేవాళ్ళ ఖర్చుతో దాదాపు సమానం. వ్యాయామం పెంచితే ఒళ్ళు ఇంకోచోట పొదుపు చేసుకుంటుందని ఆయన వాదన. దీనిమీద వాదోపవాదాలు ఉన్నాయి. నా అనుభవం వరకు, వ్యాయామం బరువును నిలబెట్టడంలో చేసే మేలు, దింపడంలో చెయ్యదు.

"మెటబాలిజం పాడైపోయింది"

తూకం ఆగినవాళ్ళకు యూట్యూబ్ ఇచ్చే మొదటి భయం ఇది. మెటబాలిజం అంటే ఒళ్ళు శక్తిని ఖర్చుపెట్టే తీరు. దీనికి ఆధారంగా ఎక్కువగా చెప్పేది అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్నవాళ్ళ మీద హాల్ బృందమే 2016లో రాసిన పేపరు. పోటీ అయిన ఆరేళ్ళకు 14 మందిని పరీక్షిస్తే, ఊరికే కూర్చున్నప్పటి ఖర్చు ఉండాల్సినదానికంటే రోజుకు 500 కేలరీలు తక్కువగా ఉంది. భయపెట్టే అంకే. కానీ వీళ్ళు కొద్ది నెలల్లో సగటున 58 కిలోలు పోగొట్టుకున్న మనుషులు, మన తొమ్మిది కిలోల వ్యవహారం వేరు. పైగా ఆ ఆరేళ్ళలో బరువును బాగా నిలబెట్టుకున్నవాళ్ళలోనే ఖర్చు ఎక్కువగా తగ్గి కనిపించింది. ఖర్చు తగ్గినందుకే బరువు తిరిగొచ్చిందనడానికి ఇది అడ్డం వస్తుంది.

తక్కువ తింటే ఒళ్ళు భయపడి కొవ్వు దాచుకుంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ తినాలనే సలహా కూడా తిరుగుతోంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో ఆన్సెల్ కీస్ అనే పరిశోధకుడు అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులను ఆరు నెలలపాటు అర్ధాకలితో ఉంచాడు. వాళ్ళ ఒంటి ఖర్చు బాగా పడిపోయింది, చలికి వణికారు, రాత్రింబగళ్ళు తిండి గురించే మాట్లాడుకున్నారు. అయినా బరువులో సుమారు నాలుగో వంతు పోయింది. ఒళ్ళు పొదుపు చేస్తుందేగాని గాలిని కొవ్వుగా మార్చదు.

ఏం మార్చాం

వదిన తిండిని మళ్ళీ 275 కోసెయ్యడం ఒక దారి. నేను వద్దన్నాను. పెరిగిన ఆకలి మీద ఇంకో బరువు వేస్తే అది రెండు వారాల్లో ఇంకోచోట పగులుతుంది. ఆకలిని చల్లార్చే తిండి మీదే మా దృష్టి పెట్టాం.

అన్నిటికంటే పని చేసేది ప్రోటీన్. బరువు తగ్గే రోజుల్లో కిలో ఒంటి బరువుకు 1.2 గ్రాముల దాకా తినడం మంచిదని చాలామంది చెప్తారు (కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా పెంచకూడదు). వదినకు అది 85 గ్రాముల పైన. ఆమె తినేది కొలిస్తే 45 దాటలేదు. "రోజూ పప్పు తింటా కదా" అంది. మన పప్పులో నీళ్ళే ఎక్కువ, గరిటెడులో మూడునాలుగు గ్రాములు దొరికితే గొప్ప. ఇప్పుడు పొద్దున రెండు కోడిగుడ్లు, దోసె ఒకటి. మధ్యాహ్నం అలసందల గుగ్గిళ్ళో ఉలవలో కప్పు నిండా, కూరలా. ఆదివారం కోడిపులుసులో ముక్కలు ఎక్కువ, పులుసు తక్కువ. చలికాలం వచ్చిందంటే అనపగింజలు నానబెట్టి, తొక్క పితికి చేసే పితికిపప్పు మా జిల్లాకు దేవుడిచ్చిన ప్రోటీన్. ఆ తొక్క తియ్యడానికి పట్టే గంట కూడా ఒక వ్యాయామమే.

రాగిసంగటి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే బరువు తగ్గాలని బియ్యం మానేసి సంగటికి మారినవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. 100 గ్రాముల రాగిపిండికి సుమారు 320 కేలరీలు, బియ్యానికి 350. పీచు, కాల్షియం రాగుల్లో ఎక్కువ, అది నిజమైన లాభం. కానీ ముద్ద చేసేటప్పుడు అందులో బియ్యమూ పడుతుంది, ముద్ద సైజుకు హద్దు ఉండదు. రెండు ముద్దలు తిని "నేను అన్నమే ముట్టను" అంటే తూకం నమ్మదు.

రెండో మార్పు బరువులు ఎత్తడం. జిమ్ అంటే వదిన సిగ్గుపడింది, అందుకని ఇంట్లోనే: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, అయిదు లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు చేతుల్లో పట్టుకొని మేడ మెట్లెక్కడం. వారానికి మూడు రోజులు. కండ పెరిగితే కూర్చున్నా వందల కేలరీలు కరుగుతాయనేది అతిశయోక్తి, కిలో కండ రోజుకు 13 కేలరీలే ఖర్చుపెడుతుంది. లాభం వేరేచోట ఉంది: తగ్గే బరువులో కండ పోకుండా కొవ్వే పోతుంది.

నిద్ర దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. మా అన్న లాడ్జిలో నైట్ డ్యూటీ చేస్తాడు. ఈ ఊరే రాత్రి నిద్రపోదు, తెల్లవారుజామున మూడింటికి కూడా బస్టాండులో టిఫిన్ దొరుకుతుంది. ఆయన వచ్చేవేళకు వదిన లేస్తుంది, మొత్తం అయిదు గంటల నిద్ర. 2010లో చికాగోలో ఒక చిన్న పరిశోధనలో పదిమందికి ఒకే తిండి పెట్టి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, రెండు వారాలు అయిదున్నర గంటలు పడుకోనిచ్చారు. బరువు రెండుసార్లూ ఒకేలా తగ్గింది గానీ, నిద్ర తక్కువైనప్పుడు అందులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయింది, కండ ఎక్కువ పోయింది. ఆకలీ పెరిగింది. వదిన మధ్యాహ్నం గంట పడుకోవడం మొదలుపెట్టింది. ఆ గంటలో టీవీ సీరియల్ ఒకటి పోయింది.

మందుల సంగతి క్లుప్తంగా. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, పీసీఓఎస్ (ఆడవాళ్ళలో అండాశయాలకు, హార్మోన్లకు సంబంధించిన సమస్య) ఉన్నా, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు, కొన్ని మానసిక రోగాల మందులు వాడుతున్నా తూకం మొండికేస్తుంది. ఒక రక్తపరీక్షతో, ఒక మందుల చీటీతో తేలిపోయే విషయమిది. షుగర్ మందులు వాడేవాళ్ళు చెప్పకుండా తిండి తగ్గిస్తే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదముంది. వదినకు థైరాయిడ్ మామూలుగానే ఉంది.

బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించీ ఆమె అడిగింది. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ మీద 2021లో వచ్చిన పెద్ద పరిశోధనలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. నాకు ఆసక్తిగా తోచింది ఏమిటంటే, ఆ గ్రాఫు కూడా ఏడాది దాటాక చదునైపోతుంది. మందు ఆకలి గొంతు తగ్గిస్తుంది కాబట్టి ఆగే చోటు కిందికి జరుగుతుంది, ఆగడం మాత్రం తప్పదు. మందు మానితే ఆకలి తిరిగొస్తుంది, దాని వెనకే బరువూ.

డిసెంబరు చివరికి వదిన ఏడురోజుల సగటు 71.2. ఆ తర్వాత మళ్ళీ ఆగింది. ఈసారి ఆమె నన్ను పిలవలేదు. నేనే అడిగితే, "సంక్రాంతి అయ్యేదాకా ఇక్కడే ఉంటాలే" అంది. ఏప్రిల్ నుంచి చూస్తే అప్పటికి 13 శాతం తగ్గింది. బీపీ మాత్ర డోసు సగమైంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మంది మీద చేసి 2006లో ప్రచురించిన పరిశోధన గురించి ఆమెకు చెప్పాను. తిండి, నడక మార్చుకున్నవాళ్ళ బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అయినా మూడేళ్ళలో వాళ్ళకు షుగర్ వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. "అంటే ముల్లు కదలకపోయినా లోపల పని జరుగుతా ఉండాదా?" అని రెండుసార్లు అడిగింది.

మిషన్ ఇప్పుడు మంచం కింద ఉంది, వారానికోసారి బయటికి వస్తుంది. వంటింట్లో నూనె క్యాను మీద మాత్రం మార్కర్ పెన్నుతో ముందే గీసిన గీతలున్నాయి, ప్రతి గీత పక్కన నూనె అక్కడిదాకా దిగాల్సిన తేదీ. జనవరి 1న క్యాను తెరిచారు. మొన్న భోగి రోజు వడలు వేశాక వెళ్ళి చూస్తే, నూనె పదిహేనో తేదీ గీతకు ఇంకా వేలెడు పైనే ఉంది. వదిన నా కళ్ళు ఎటు పోయాయో గమనించి, క్యానును అరలోకి నెట్టి, పళ్ళెంలో రెండు వడలు పెట్టింది.

"తిను నాయనా. కాటా తెచ్చినావా ఏం?"